వడగళ్ళ ప్రసంగం

ఖలజ అంటే వడగళ్ళే కదా, అంతమాత్రానికి గ్రీకు దాకా వెళ్ళాలా, అయినా అడ్డు చెప్పకుండా ఆమె తన భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ వింటోంది, పాస్టరుగారు ఆదివారం ప్రసంగాన్ని శనివారం సాయంత్రమే భార్యకు వినిపిస్తారు, సాగదీసినచోట చెప్పడం ఆమె పని, బైబిలు చివర ప్రకటన గ్రంథంలో ఈ మాట ఎక్కడొచ్చినా దేవుని తీర్పే సుమా అంటున్నారు ఆయన, ఆమె చెవులు మాత్రం పక్కగదిలో ఉన్నాయి, అక్కడ తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, మొన్న కోతకొచ్చిన వాడి ద్రాక్షతోట చూస్తుండగానే వడగళ్ళకు రాలిపోయింది, బురదలోంచి ఒక పండు తీసి తుడుచుకుని తిన్నాడట, తీపెక్కిందే అక్కా, అన్నాడు వచ్చి, చిన్నప్పుడైతే వడగళ్ళు పడగానే తను చూరు కింద నక్కితే వీడు గిన్నె పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తేవాడు, బుర్ర పగులుతుందిరా అంటే వినేవాడా, కరిగిపోతాయే అక్కా, నువ్వూ రా, అనేవాడు.

రేపు వీడు ముందు వరుసలో కూర్చోవాలి, పాస్టరుగారి బావమరిది మరి, తీర్పు అనగానే అందరి కళ్ళూ వీడి మీదే, ఈ ఒక్క వారం వేరే భాగం చెప్పకూడదా అని ఎంత మెల్లగా అడిగిందో, వరసలో వచ్చిన అధ్యాయం, నా చేతుల్లో ఏముంది అన్నారు ఆయన, వారానికో అధ్యాయం, ఒక్కటీ దాటేయరు, అది ఆయన పట్టింపు, ఆ మాటలకే కాబోలు తమ్ముడు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఏం బావా, గ్రీకులో పడితే దెబ్బ తక్కువ తగులుతుందా, అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు, నిజం చెప్పు బావా, తప్పు చేసినవాళ్ళ మీదే పడతాయని ఉందా ఆ మాటలో, లేదురా, ఉత్త మంచుగడ్డలనే, అన్నారు ఆయన, మరి నా తోట మీదే ఎందుకు పడ్డాయి.

ఆయన నిఘంటువు తెరిచారు, పేజీలు తిప్పుతున్నారు, ఇందాక చదివిన పేజీ దాటి మళ్ళీ అక్కడికే, ఏదైనా ఒక్క మాట, వాడి భుజం మీద చెయ్యేసినా చాలు కదా, ఇంతకీ తను మాత్రం ఏం చేస్తోంది, కాలరు కమురు వాసన వస్తున్నా చెయ్యి ఆడడం లేదు, అప్పుడు చూసింది, ఆయన కళ్ళజోడు నుదుటిమీదే ఉంది, ఆ అక్షరాలు ఆయనకు కనబడనే కనబడవు, ఆయన అర్థం వెతకడం లేదు, వడగళ్ళు పడుతుంటే ఆ పుస్తకమనే చూరు కిందికి దూరారు, ఇస్త్రీపెట్టె పట్టుకుని తనూ అక్కడే నక్కింది, వాడొక్కడే ఇంకా వాకిట్లో ఉన్నాడు.