తాళంచెవి పెట్టిన కోడి

పొద్దున్నే వెర్లీ పెన్‌హేల్ ఎనామిల్ గిన్నె పట్టుకుని పెరట్లో కోళ్ళ దగ్గరికి వెళ్ళింది. మొదటి గూట్లో గడ్డి కిందకి చెయ్యి పోనిచ్చి తడిమింది. వెచ్చగానే తగిలింది కానీ గుండ్రంగా లేదు. తీసి చూస్తే కారు తలుపు పిడి. తళతళా మెరిసిపోతోంది, ఓ మూల చిన్న ఈక అంటుకుని ఉంది. పక్క గూట్లో రెండు బోల్టులు, ఓ వాషరు. చివరి గూట్లో నల్ల పెట్ట ఇంకా కళ్ళు మూసుకుని ముక్కుతూనే ఉంది.

"కానీ, కానీ. ఏం కంటావో కనవే తల్లీ. గుడ్డు మాత్రం కాదని తెలుసు నాకు," అని వెర్లీ గిన్నె చంకలో పెట్టుకుని కంచె దగ్గరికి నడిచింది.

ఊళ్ళో చిన్న చర్చి, చాపెల్లో ఆదివారం టీకి కేకు చేసి తెస్తానని మాటిచ్చింది. కంచె అవతల గ్వెన్ రోడ్డా బట్టలు ఆరేస్తోంది. వెర్లీ చేతిలో గిన్నె చూడగానే ఆవిడకి సంగతి అర్థమైంది.

"గుడ్లా? ఫ్రిజ్‌లో ఉన్నాయి, షాపువి. ఇవాళేం పెట్టాయేమిటి?"

"తలుపు పిడి."

"ఏ పక్కది?"

"ఎడమ పక్కదే. ఎడమవి ఇప్పటికే సొరుగు నిండా ఉన్నాయి. కుడిపక్కది ఒక్కటంటే ఒక్కటి పెట్టి చావవు."

"పోనీలే అమ్మాయ్. మావి ఈకలు రాలుస్తూ కూర్చున్నాయి, అదీ లేదు. నీవి ఏదో ఒకటి పెడుతున్నాయి కదా," అంది గ్వెన్, క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకుని.

దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈ మూంటా ఊళ్ళో ఎవరినడిగినా ఇదే మాట.

దీనికంతటికీ మూలం వెర్లీ అన్నయ్య మెర్విన్. వల్లరూ రేవులో బార్లీ గోదాముల్లో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. వెర్లీకీ పెళ్ళి కాలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ళిద్దరే. ఆయన రిటైరైన ఏడాది, ఎవరిదో పొలం సామాన్లు వేలం వేస్తుంటే చూసొస్తానని వెళ్ళి, ట్రాక్టరు వెనకాల ఓ కారు కట్టించుకుని వచ్చాడు. కారంటే కారు కాదు, కారు ఆకారం. వాళ్ళ నాన్న నడిపిన మోడలే, అరవై నాలుగు నాటి సెడాన్. దానికి ఇంజను విడిగా ఒక పెట్టెలో ఉంది. సీట్లలో ఎలుకలున్నాయి. కారుకి అడుగు ఉండాల్సిన చోట కింద నేల కనిపిస్తోంది.

"నడిచేది కొనమన్నాను కదరా అన్నయ్యా," అంది వెర్లీ ఆ రోజున.

"నడిచేది ఎవడైనా కొంటాడు," అన్నాడు మెర్విన్.

అప్పటిదాకా షెడ్డు కోళ్ళది. కారు వచ్చాక వాటికి చోటు లేక వెనక సీటు మీద పడుకోవడం మొదలుపెట్టాయి. కొన్నాళ్ళకి మొదటి చక్రం నట్టు పెట్టాయి. మెర్విన్ దాన్ని కడిగి, తుడిచి, చక్రానికి బిగించి చూశాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆ రోజు నుంచి ఆయన పాతసామాన్ల కొట్టుకి వెళ్ళడం మానేశాడు. కోళ్ళ కోసం వేరే గూళ్ళు కట్టాడు. సాయంత్రం పూట వాటి ముందు కుర్చీ వేసుకుని, ఏ భాగం కావాలో, అది ఎలా ఉంటుందో చేతులతో గాల్లో గీసి చెప్పేవాడు. అవి మెడలు పక్కకి తిప్పి వినేవి. విని, తమకి తోచింది పెట్టేవి.

ఇప్పుడు అసలు గొడవేమిటంటే, వెర్లీకి ఉద్యోగం వచ్చింది. మెయిట్లండ్ ఆసుపత్రి వంటింట్లో. యాభై నాలుగేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి తన పేరు మీద జీతం. సోమవారం నుంచి రమ్మని ఫోన్ చేశారు. మూంటా నుంచి మెయిట్లండ్‌కి పొద్దున పూట బస్సు లేదు. కారుంటేనే వెళ్ళగలదు.

"సోమవారానికల్లా అయిపోతుందన్నావు," అంది వెర్లీ షెడ్డు గుమ్మంలో నిలబడి.

మెర్విన్ కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. "అయిపోయేదే. ఇంజను మళ్ళీ విప్పాను."

"ఎందుకు విప్పావు?"

"ఒక చప్పుడు నచ్చలేదు."

"తిరగని ఇంజనుకి చప్పుడెక్కడిది అన్నయ్యా!"

"తిరిగితే వచ్చే చప్పుడు," అన్నాడు మెర్విన్ ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు.

వెర్లీ, "పోర్ట్ విక్టోరియాలో ఒకటి అమ్మకానికి ఉందట. గ్వెన్ చూసింది. ఇదే మోడలు. ఒంటి మీద తుప్పు లేదట. నా చేతిలో ఉన్నదానితో వస్తుంది," అంది.

కాళ్ళు కదిలాయి. మొహం బయటికొచ్చింది, నిండా గ్రీజు. "అంత చవగ్గా ఎందుకిస్తున్నాడు?"

"తాళంచెవి పోయిందట."

మెర్విన్ పగలబడి నవ్వాడు. "తాళంచెవి లేని కారు! ఇంకా నయం, చక్రాలున్నాయా? చూడు వెర్లీ, కొన్న కారులో ఏముందో నీకేం తెలుసు? పైన రంగు, కింద తుప్పు, మధ్యలో పుట్టీ. నా కారులో ప్రతి బోల్టూ నాకు తెలుసు."

"బోల్టులన్నీ తెలుసు. కారే ఎలా ఉంటుందో తెలీదు."

"డబ్బు దండగ."

"దీనికి దండగ కాలేదా?"

"ఏమైంది దండగ? అన్నీ కోళ్ళే ఇస్తున్నాయిగా!"

"కోళ్ళకి దాణా ఎవరు కొంటున్నారు?"

మెర్విన్ మళ్ళీ కారు కిందకి జరిగాడు.

శనివారం పొద్దున నల్ల పెట్ట తాళంచెవి పెట్టింది. మెర్విన్ సంబరం చూడాలి. చొక్కాకి తుడుచుకుంటూ షెడ్డులోకి పరిగెత్తి, స్టీరింగు పక్కన దూర్చి తిప్పాడు. తిరగలేదు. నూనె వేసి తిప్పాడు. తిరగలేదు. తిరగేసి పెట్టాడు, ఊదాడు, బతిమాలాడు. చివరికి విసిరి బల్ల మీద కొట్టాడు.

"ఇంతకాలంలో ఒక్క తప్పు చెయ్యలేదు ఇవి. దీనికి వయసైపోయింది. సూప్ పెట్టెయ్," అన్నాడు.

వెర్లీ ఆ తాళంచెవి తీసి గౌను జేబులో వేసుకుంది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసింది, చేతిసంచీ తీసుకుని గ్వెన్ తలుపు కొట్టింది. "నన్ను పోర్ట్ విక్టోరియాలో దింపుతావా?" అంది. గ్వెన్ ఎందుకని అడగలేదు.

ఆ ఇంటి ముందు కారు నిలబడి ఉంది. లేత ఆకుపచ్చ రంగు, పైకప్పు తెలుపు. ఎంత తుడిచి ఉంచారంటే, వెర్లీ మొహం, వెనకాల సముద్రం, రెండూ తలుపులో కనిపిస్తున్నాయి. మెర్విన్ అన్న మాటలు గుర్తొచ్చి, వంగి కింద చెయ్యి పెట్టి తడిమి చూసింది. గట్టిగా ఉంది.

"తుప్పు లేదు. సముద్రం పక్కనున్నా లేదు. రోజూ మంచినీళ్ళతో కడుగుతాను," అన్నాడు వరండాలోంచి ఓ పెద్దాయన. పొడుగ్గా, చెప్పుల్లో సాక్సుతో ఉన్నాడు. రోలీ ట్రెజైస్ ఆయన పేరు. "బ్యాటరీ చార్జింగ్‌లోనే ఉంటుంది. అంతా బాగుంది. నడవదంతే."

"తాళంచెవి ఎలా పోయింది ట్రెజైస్ గారూ?"

"నడిపేది మా ఆవిడ, హేజెల్. పోయిన చలికాలంలో జెట్టీ దగ్గర చేపలు పట్టుకుని ఇంటికొచ్చింది, బకెట్ కింద పెట్టింది, కూర్చుంది, అంతే. మళ్ళీ లేవలేదు. తాళంచెవి ఎక్కడ పెట్టిందో నాకు దొరకలేదు. రెండోది ఎప్పుడో పోయింది."

"తాళాలాయన్ని పిలిస్తే చేసిచ్చేవాడు కదండీ."

"పిలవలేదు," అన్నాడు రోలీ.

వెర్లీ స్టీరింగు వైపుకి వెళ్ళింది. తలుపు తీసి కూర్చుని, జేబులోంచి తాళంచెవి తీసి దూర్చింది. వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. చోక్ లాగి తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, అందుకుంది.

రోలీ వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "ఎక్కడిది ఆ తాళంచెవి?" అన్నాడు.

"మా కోడి పెట్టింది."

"ఏ జాతి?"

"నల్ల ఆస్ట్రలార్ప్."

ఆయన తలూపాడు. "హేజెల్ కూడా అవే పెంచేది." లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి ఆనించి, ఆ అదురు అరచేతిలోకి ఎక్కేదాకా అలాగే నిలబడ్డాడు. వెర్లీ సంచీ తెరిచి డబ్బు కవరు బయటికి తీసింది.

"అమ్మనండీ," అన్నాడు రోలీ.

"ఏమిటీ?"

"నడవదు కాబట్టి అమ్ముదామనుకున్నాను. ఇప్పుడు నడుస్తోందిగా."

వెర్లీకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఒకడు నడవని కారు వదలడు, ఇక్కడొకడు నడిచే కారు వదలడు. మొగవాళ్ళనీ వాళ్ళ ఇనప సామాన్లనీ కలిపి సముద్రంలో తోసెయ్యాలనిపించింది. ఇంజను కట్టేసింది. తాళంచెవి లాగి జేబులో వేసుకుంది.

"సరే. కారు మీ దగ్గరే ఉంచుకోండి. కానీ తాళంచెవి నాది," అంది.

"ఆ తాళంచెవి నా కారుదండీ!"

"నా కోడి కన్నది. మీది ఎలా అవుతుంది?"

వీధిలో కారులో కూర్చున్న గ్వెన్, కిటికీ అద్దం ఇంకాస్త కిందకి దించి చెవి ఇటు పడేసింది.

"సోమవారం నుంచి మెయిట్లండ్‌లో ఉద్యోగం నాకు," అంది వెర్లీ. "ఇంతకాలం ఒకరికి వండిపెట్టి, ఒకరి గ్రీజు బట్టలు ఉతికి, రేపైపోతుంది ఎల్లుండైపోతుందంటే నమ్ముతూ కూర్చున్నాను. ఇక కూర్చోలేను. మీరు అమ్మనంటే మానండి. కానీ ఈ కారు సోమవారం మెయిట్లండ్ వెళ్ళాలి."

రోలీ వెనక్కి తిరిగి ఇంటికేసి చెయ్యి చూపించాడు.

"ఇక్కణ్ణుంచి మెయిట్లండ్ దగ్గరే. మూంటా కంటే దగ్గర," అన్నాడు. "ముందు గది ఖాళీగా ఉంది. కిటికీలోంచి జెట్టీ కనబడుతుంది. అద్దె ఏదో ఇద్దురుగాని. కారు నా వాకిట్లో ఉంటుంది, తాళంచెవి మీ జేబులో ఉంటుంది. కానీ ఓ షరతు. నా కారు ఎక్కడికెళ్తే నేనూ అక్కడికి వస్తాను."

"నడిపేది నేనే," అంది వెర్లీ.

"నాకు నడపడం రాదు," అన్నాడు రోలీ. "ఎప్పుడూ పక్క సీటే."

సాయంత్రం వెర్లీ ఆయన వరండాలోంచే ఇంటికి ఫోన్ చేసింది. మెర్విన్ చాలాసేపటికి ఎత్తాడు.

"ఎక్కడున్నావ్? భోజనానికి టైమైంది."

"పోర్ట్ విక్టోరియాలో. ఇక్కడే గది తీసుకున్నాను. రేపు గ్వెన్ వచ్చి తీసుకెళ్తే చాపెల్లో కేకు ఇచ్చేసి బట్టలు తెచ్చుకుంటాను."

"గదా? గది ఎందుకు? వచ్చే వారానికి కారు తయారవుతుంటేనూ!"

"తయారు కానివ్వు అన్నయ్యా. మంచిదేగా."

"మరి నా భోజనం?"

"మాంసం పేస్టీలు ఫ్రీజర్‌లో ఉన్నాయి, వేడి చేసుకో. ఓవెన్ ఎడమ పక్క మీట. అన్నయ్యా, నేను కోపంతో వెళ్ళట్లేదు. కోపంతో చాలా ఏళ్ళున్నాను కదా. ఇది అది కాదు."

మెర్విన్, "ఆ కారు కింద చూశావా? తుప్పుందా?" అన్నాడు మెల్లగా.

"లేదు."

"చక్రాల పైన కూడా చూడు. అక్కడే మోసం చేస్తారు," అని ఫోన్ పెట్టేశాడు.

సోమవారం పొద్దున రోలీ ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. హేజెల్ పోయాక ఆయన ఊరు దాటడం అదే మొదలు. దారి పొడుగునా వంకలు పెడుతూనే ఉన్నాడు. గేరు ఆలస్యంగా మారుస్తున్నారనీ, క్లచ్ మీద కాలు ఆనించారనీ. వెర్లీ రెండుసార్లు కారు ఆపి, దిగి నడిచి రమ్మంది. దిగలేదు. ఆవిడ వంటింట్లో పని ముగించేదాకా మెయిట్లండ్‌లో పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ క్లబ్బు బెంచీ మీద కూర్చున్నాడు. రెండో రోజు ఎవరో బంతి చేతికిచ్చారు. వేసవి వచ్చేసరికి అక్కడి జట్టులో ఆయన పేరు బోర్డు మీదకెక్కింది, వెర్లీ ఆసుపత్రి వంటింటికి పెద్ద అయింది. మెర్విన్ కారు క్రిస్మస్‌కి తయారవుతుందని ఫోన్‌లో చెప్పాడు. ఏ క్రిస్మస్‌కని వెర్లీ అడగలేదు.

ఇప్పటికీ పెట్రోలు బంకుల్లో ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, బానెట్ నిమిరి, "అమ్ముతారా?" అని అడుగుతుంటారు. రోలీ వెంటనే నోరు తెరుస్తాడు, మళ్ళీ ఆగి వెర్లీకేసి చూస్తాడు. వెర్లీ మాత్రం తల తిప్పదు.

"తలుపు వెయ్యండి, టైమవుతోంది," అంటుంది.