ఉప్పునీళ్ళలో మంచినీళ్ళు

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు గోతిలో పడి నడుం విరిగి మంచం పట్టాడు. కాళ్ళు చచ్చుబడ్డాయి, సరే. నోటికేమైంది? మాటకేం ఢోకా లేదని డాక్టరే చెప్పాడు. ఈయన మాత్రం మాట్లాడడం మానేసి పైకప్పు చూస్తూ పడుకునేవాడు. పక్కనే ఉన్న మనిషి నోటినుంచి ఒక్క మాట కోసం మొహం వాచిపోయాను.

లాండ్రీలో నాతోపాటు ఇస్త్రీ చేసే ఆవిడ, కళ్ళముందు కదిలేదేదైనా పెట్టమంది. టీవీ పెడితే కళ్ళు మూసుకున్నాడు. దాంతో చేపల దుకాణానికి వెళ్ళాను. అక్కడ ఒక మూల చిన్న గాజుతొట్టిలో ఏకంగా సముద్రమే ఉంది.

"కొత్తవాళ్ళం, మావల్ల అవుతుందా?" అన్నాను.

"చిన్న తొట్టికి పెద్ద చాకిరీ ఉండదమ్మా. తొందర మాత్రం పనికిరాదు" అన్నాడు దుకాణదారు. "ముందు ఉప్పునీళ్ళు, రాళ్ళు పెట్టి కొన్ని వారాలు వదిలెయ్యండి. నీళ్ళు కుదురుకోవాలి. తర్వాత ఒక చేప, ఒక రొయ్య, నాలుగు నత్తలు, కాస్త మెత్తటి పగడం. అంతే. నీళ్ళు ఆవిరవుతాయిగానీ ఉప్పు ఎక్కడికీ పోదు. ఈ గీత కిందికి దిగితే మంచినీళ్ళు పొయ్యండి, చాలు."

ఫిల్టరు నీళ్ళ డబ్బా కూడా అంటగట్టాడు.

మంచం పక్కన బల్లమీద ఉట్టి రాళ్ళ చుట్టూ నీళ్ళు తిరుగుతుంటే మా అత్తగారు ఊరుకుంటుందా? "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. చేపల్లేని తొట్టికి దీపం కూడానా?" అంది.

చేప వచ్చింది, రొయ్య వచ్చింది. పగడం చిన్న చిన్న బొత్తాల్లా విచ్చుకుంది. మా ఆయన తల పక్కకి తిప్పాడు. రొయ్య రాయి దిగుతుంటే ఆయన చూపూ దానివెంటే దిగేది. ఒకరోజు పెదవులు కదిలాయి. చెవి ఆనించి విన్నాను, ఏమీ లేదు. అయినా ఆ సంతోషంలో లాండ్రీలో ఎవరిదో చొక్కా మాడ్చాను.

పనికి పోతూ చెప్పేదాన్ని: "గీత దిగితే మంచినీళ్ళు పొయ్యండి అత్తయ్యా."

నా లెక్కలో అవి బల్లకింద డబ్బాలో నీళ్ళు. ఆవిడకి మంచినీళ్ళంటే ఒక్కటే, నిమ్మచెక్కతో తళతళా తోమి నింపిపెట్టే రాగిబిందెలోవి. కొడుక్కి తాగించేది అవే. కొడుకు ముచ్చటపడే జీవాలకి డబ్బానీళ్ళు పోయడానికి ఆవిడకి మనసొప్పలేదు.

ముందు నత్తలు రాలిపోయాయి. తర్వాత రొయ్య వెల్లకిలా పడింది. పగడం ముడుచుకుని, కరిగి, కంపు కొట్టింది. చేప ఒక్కటే మిగిలింది. సీసాలో నీళ్ళు పట్టుకుని దుకాణానికి పరుగెత్తాను.

"రాగి ఎక్కడ తగిలిందమ్మా?" అన్నాడతను పరీక్ష చేసి. "చేప ఓర్చుకుంటుందిగానీ మిగతావాటికి అది విషం. రాళ్ళు కూడా పీల్చేసుకుని ఉంటాయి. అన్నీ పారేసి మొదటినుంచీ పెట్టుకోవాలి."

రాగిబిందె గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చేసరికి అత్తయ్య వంటింట్లో ఉంది. మా ఆయన పక్కన కూర్చుని ఉన్నదంతా కక్కేశాను. "ఇవాళ మీ అమ్మో నేనో తేలిపోవాలి" అని లేచాను.

"అమ్మకి చెప్పకు."

గొంతు బొంగురుపోయింది, కానీ ఆయనదే. చెప్పనని తలూపి, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

ఇంతలో అత్తయ్య వచ్చి తొట్టిలోకి తొంగిచూసింది. "ఏమయ్యాయే ఇవన్నీ?"

"నేనే మేత ఎక్కువ వేశానత్తయ్యా. నీళ్ళు చెడిపోయాయి."

"అనుకున్నా. గుప్పెడు పురుగుల్ని బతికించలేనిదానివి, నా కొడుకునేం బతికిస్తావే?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి మా ఆయన వైపు చూశాను. మాట వచ్చు కదా ఇప్పుడు. రాగి ఊసెత్తక్కర్లేదు, దాన్నేమీ అనకమ్మా అంటే చాలు. ఆయన నన్ను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు, నోరు తెరిచాడు.

"నన్ను గోడవైపు తిప్పు" అన్నాడు నాతో.

కొడుకు మాట్లాడాడని అత్తయ్య ఆనందం పట్టలేక భోరుమంది, పక్కింటివాళ్ళని కేకేస్తూ బయటికి పరుగెత్తింది. నేను ఆయన భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి గోడవైపు తిప్పాను.