శుక్రవారం నీది, శనివారం నాది

రెండువేల పధ్నాలుగు, ఆగస్టు పదహారు, శనివారం. ఆ రోజు ప్రభాకర్ తిన్నది తిరుపతి లడ్డు. లాండ్రీలో తోటి పనివాడు, రూమ్మేటు గులాం నబీ, కడపలో సెలవు ముగించుకుని వచ్చి, సంచి పూర్తిగా విప్పకముందే, పేపర్లో చుట్టిన ఆ లడ్డును రెండు చేతులా అందించాడు. తిరుపతి వెళ్లే పక్కింటివాళ్లను బతిమాలి తెప్పించాడట. ప్రయాణంలో కాస్త గట్టిపడింది గాని నెయ్యి వాసన పోలేదు. ప్రభాకర్ కాదనలేకపోయాడు.

శుక్రవారం ఉదయాల్లో ఇస్త్రీ బల్ల ముందు నిలబడితే ఆ రోజు గుర్తొస్తుంది అతనికి. గల్ఫ్‌లోని ఈ అజైబాలో ఆ వీధి మొత్తం ఇంకా నిద్రలోనే ఉంది. లాండ్రీలో మాత్రం ఆవిరి లేస్తోంది. జుమ్మా నమాజుకు వెళ్లేవాళ్లు పది దాటితే వచ్చేస్తారు, వాళ్లు తొడిగే తెల్లటి పొడుగు చొక్కాలు, దిష్‌దాషాలు, అప్పటికి హ్యాంగర్లకెక్కి ఉండాలి. ముందు చేతులు, తర్వాత వీపు, చివరికి మెడ. మెడ దగ్గర వేలాడే చిన్న కుచ్చు కాలకుండా దాన్ని ఎడమ చేతి రెండు వేళ్లతో పక్కకు పట్టుకోవాలి. ఏళ్ల తరబడి ఆవిరి తగిలి ఆ రెండు వేళ్ల మీద చర్మం నున్నగా, గుర్తులేవీ లేకుండా అయిపోయింది. కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం కిందికి జారింది. అద్దంలో చూసుకుంటే ఎవరో తనని ఒక పక్క నుంచి మెల్లగా నొక్కుతున్నట్టుంటుంది.

శుక్రవారం పనిచేసేది అతనొక్కడే. చేరిన మొదటి నెలలోనే నబీతో ఒప్పందం కుదిరింది: "శుక్రవారం నీది, శనివారం నాది." నబీ జుమ్మాకు వెళ్తాడు, అతని వంతు బట్టలు కూడా ప్రభాకరే ఇస్త్రీ తోమేస్తాడు. శనివారం ప్రభాకర్ ఇస్త్రీపెట్టె ముట్టడు, రూమ్‌లో పొయ్యి కూడా వెలిగించడు, ముందు రోజు వండిన అన్నం చల్లగానే తింటాడు. శనివారం నియమం అనగానే కడప మనిషికి తోచేది ఒక్కటే, వెంకటరమణస్వామి. ప్రభాకర్ అవునని ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ మధ్యలోంచే లడ్డు వచ్చింది.

ప్రభాకర్ అనేది సర్టిఫికెట్లలో పేరు. స్కాలర్‌షిప్పు రావాలంటే అలాంటి పేరుండాలని మాస్టారు చెబితే తండ్రి బడిలో అలా రాయించాడు. గుంటూరు వైపు కాలువ కింద ఉన్న వాళ్ల పేటలో మాత్రం అతను ఎలియాజరు. అక్కడ కొన్ని కుటుంబాలవాళ్లు యూదులు. పెంకుల ప్రార్థనా మందిరం ఒకటుంది, తాతల నుంచి వచ్చిన పాటలున్నాయి. శుక్రవారం పొద్దు వాలకముందు భార్య కెజియమ్మ రెండు దీపాలు వెలిగించి, అరచేతులు కళ్లకు అడ్డం పెట్టుకునేది. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ ఆ వేళకు అతని చేతులు కొంచెం పైకి లేస్తాయి. ఎవరైనా చూస్తే ముఖం తుడుచుకుంటున్నాడనుకుంటారు.

ఈ శుక్రవారం సాయంత్రం నబీ వెళ్లిపోతున్నాడు. మోకాళ్లు సహకరించక ఫైనల్ ఎగ్జిట్ తీసుకున్నాడు. ఇక తిరిగి రాడు. ఆ లోపల, మధ్యాహ్నం రెండు కాకముందే, ప్రభాకర్ అతనికి ఒక మాట చెప్పి తీరాలి.

ఆ మాట చెప్పమని అడిగింది కూతురు నవీన. డిగ్రీ అయిపోయి పేటలో పిల్లలకు ప్రార్థనలు నేర్పుతోంది. యూదు యువతీ యువకులకు ఆన్‌లైన్‌లో నాయకత్వ శిక్షణ ఇస్తుంటే చేరింది. నాలుగైదు దేశాల పిల్లలు తెర మీద చేరి, మనమెవరం, మన గొడవ ఎవరితో, ఎందుకు అని మాట్లాడుకుంటారు. ఈ రోజు ఆఖరి క్లాసు. విశ్రాంతి దినం మొదలయ్యేలోపు ముగియాలని మధ్యాహ్నం పెట్టారు. గొడవలో అవతలి వైపు బాధపడుతున్న మనిషిని ఒకరిని పిలిచి, ఎదురు చెప్పకుండా వినాలి. షరతు ఒక్కటే, తన ముందున్నది ఎవరో ఆ మనిషికి ముందే తెలిసి ఉండాలి.

"నబీ పెదనాన్న అయితే బాగుంటది నాన్నా," అంది మంగళవారం ఫోన్‌లో.

"ఇంకెవరన్నా చూడకూడదా అమ్మా?"

"ఎవరున్నారు చెప్పు? అసలు తెలుగు మాట్లాడే యూదులుంటారా అని అక్కడ నన్నే వింతగా చూస్తారు. ఎవరూ రాలేదంటే ఆఖరి రోజు నేను ఊరికే కూర్చోవాలి." కాసేపాగి, "భయమైతే వద్దులే," అంది.

భయమే. రెండేళ్లుగా నబీ గాజా వీడియోలు చూస్తూ పై మంచం మీద ముక్కు ఎగబీల్చడం, యూదుల్ని నోటికొచ్చినట్టు తిట్టడం కింద పడుకుని వింటూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. తిట్టి తిట్టి అలసిపోయాక నబీ, "నిద్రబోయినావా ప్రభాకరా? బీపీ మాత్ర ఏసుకుంటివా?" అని అడిగేవాడు. కూతురి క్లాసు పిల్లలకు గాజా గురించి నీ బాధ చెప్పమంటే బుధవారమే ఒప్పుకున్నాడు, ఆ పిల్లలెవరో మాత్రం ప్రభాకర్ చెప్పలేదు.

నమాజయ్యాక షాపు మూసి రూమ్‌కొచ్చేసరికి నబీ అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. పెట్టె మీద నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో పేరు, కడప అని రాసుకున్నాడు.

"వచ్చినావా? ఆ కొస పట్టుకో. నీ యేళ్లు కాలవులే, ఇది ఇస్త్రీ గాదు," అన్నాడు నబీ.

ప్రభాకర్ తాడు పట్టుకున్నాడు. "భాయ్, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. తాడు మాత్రం వదలాకు."

"నేను యూదుణ్ణి భాయ్."

నబీ వేలు ముడి మీదే ఆగిపోయింది. "ఏమంటివి?"

"మా పేటలో కొన్ని కుటుంబాలు అంతే. తాతల కాలం నించీ. శనివారం మాకు విశ్రాంతి దినం. పని చెయ్యం, నిప్పు ముట్టించం."

"శనివారం ఎంగటరమణసామికి గదా?"

"కాదు భాయ్."

"మరి లడ్డు ఏం జేసినావు?"

"తిన్నాను."

"అంతానా?"

"అంతా. నువ్వు తెచ్చావని."

నబీ పెదవులు ఒకసారి కదిలి, మళ్లీ బిగుసుకున్నాయి. "రేయ్, ప్రతి జుమ్మాకు నీ పేరు జెప్పి దువా చేసినా నేను. నా నమాజు కోసరం వాడు ఒంటరిగా కష్టపడతాండాడు, వాన్ని సల్లగా సూడు దేవుడా అని. ఆ శుక్రవారం పని నీ శనివారం కోసరమా? నా కోసరం గాదా?"

"నీ కోసం కూడా భాయ్."

"గూడానా!" అని తాడు వదిలేసి బయటికి వెళ్లిపోయాడు.

ప్రభాకర్ ముడి జారకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క మాట ఇంకోలా అని ఉండాల్సింది. కాని నిజం అదే. వరండాలో నీళ్ల చప్పుడు వినిపించింది. ఫోన్ మోగింది. తెర మీద నవీన, ఆమె చుట్టూ చిన్న గడుల్లో తెలియని ముఖాలు.

"నాన్నా, చెప్పావా?"

"చెప్పానమ్మా. బయటికెళ్లాడు."

అందరూ వాళ్లవాళ్ల గడుల్లో కదలకుండా కూర్చున్నారు. ఎవరి గదిలోనో పిల్లి అరిచింది.

తలుపు తోసుకుని నబీ వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. ప్రభాకర్ పక్కన, కింది మంచం మీద కూర్చుని ఫోన్ తన వైపుకు తిప్పుకున్నాడు.

"అస్సలాం అలైకుం బిడ్డా. మీ నాయన నా కింద మంచం. ఇన్నేండ్లకు, నేను పొయ్యే పొద్దు చెప్పినాడు. మొదటి బాధ అది, రాసుకో." నవీన ఇంగ్లీషులో మిగతావాళ్లకు చెప్పింది. నబీ గొంతు సవరించుకున్నాడు. "రొండోది. నేను సదువుకోలేదు. ఎవురు ముందు కొట్నారు, ఎవురు ఎనక కొట్నారు, నాకు తెల్దు. ఫోన్లో పసిబిడ్డల్ని తెల్లగుడ్డలో సుట్టి ఎత్తకపోతాంటారు. పొద్దున షాపుకు పోతే అన్నీ తెల్లగుడ్డలే. ఇస్త్రీపెట్టె ఆనిద్దామంటే సెయ్యి రాదు. పైనా కిందా మడత సరిగా పెడతాంటే, బిడ్డకు పెట్టినట్టే ఉంటాది. ఎవురికీ చెప్పలేదు. మా ఓనరు అర్బాబ్‌కు చెప్తే నవ్వుతాడు. మీ నాయన పక్కనే నిలబడి తోముతాండె. ఈనికీ చెప్పలేదు."

అనువాదం చేస్తూ నవీన మధ్యలో ఆగింది, మళ్లీ అందుకుంది. ఒక గడిలో అబ్బాయి తన కెమెరా ఆపేసుకున్నాడు. మరో గడిలో అమ్మాయి చొక్కా చేతితో కళ్లు ఒత్తుకుంది. ప్రభాకర్ తల వంచుకుని తన రెండు వేళ్ల వైపు చూసుకున్నాడు. ఈ రెండేళ్లలో ఎన్నోసార్లు నబీ ముందున్న తెల్లబట్టల కుప్ప తన బల్ల మీదకి వచ్చేది. కళ్లు సరిగా కనబడవురా, నువ్వు తోము అనేవాడు నబీ. అతను నమ్మాడు. తనొక్కడే దాచుకున్నాడనుకున్నాడు ఇన్నాళ్లూ.

"పెదనాన్నా," అంది నవీన, "మమ్మల్ని ఏమన్నా అడుగుతారా?"

"అడిగేదేముందమ్మా? ఇన్నారు గదా." లేవబోయి మళ్లీ ఫోన్‌లోకి వంగాడు. "మాత్రలు మర్సిపోతాడు మీ నాయన. పొద్దున్నే ఫోన్ జెయ్."

సాయంత్రం ప్రభాకర్ షాపు పని ముగించుకుని పరుగున వచ్చేసరికి కంపెనీ బండి కింద ఆగి ఉంది. పెట్టెను ఇద్దరూ మోసి డిక్కీలో పెట్టారు. ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురుంది. డ్రైవరు త్వరగా రమ్మని హారన్ కొట్టాడు.

"నా మంచానికి ఎవురొస్తాండారు?"

"ఇర్షాద్ అని, నిజామాబాద్ కుర్రాడంట. ఆదివారం దిగుతాడు."

"నమాజు జేసేటోడా?"

"చేస్తాడనే అన్నారు."

"అయితే శుక్రవారం పని మళ్లా నీకే." నబీ బండి ఎక్కి కిటికీ అద్దం దించాడు. ఏదో తిట్టబోతున్నట్టు ముఖం చిట్లించి, చెయ్యి బయటికి చాపి ప్రభాకర్ జారిన కుడి భుజాన్ని ఒకసారి గట్టిగా పట్టుకున్నాడు. "వానికి మొదటి రోజే చెప్పురా."

"చెప్తా భాయ్."

"నా పెండ్లాం సఫూరాకు నేను జెప్తా. లడ్డు సంగతి గూడా. నవ్వి సస్తాది."

బండి మలుపు తిరిగింది. ప్రభాకర్ మెట్లెక్కి రూమ్‌లోకి వచ్చాడు. పై మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది, మేకుకు అద్దం లేదు, సబ్బు పెట్టె లేదు. కిటికీలో పొద్దు అంచు దాకా దిగింది. అతను మధ్యలో నిలబడి అరచేతులు కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి ముఖం తుడుచుకుంటున్నట్టు నటించలేదు. నటించడానికి ఎదుట ఎవరూ లేరు కూడా.

చేతులు దించాక వంటగట్టు మీద చూశాడు. వేడిగా ఏమన్నా తాగాలంటే రేపు చుక్కలు పొడిచేదాకా ఆగాలి, అది అతనికి అలవాటే. వెళ్లి తలుపు చప్పుడు కాకుండా మూసి, గొళ్లెం పెట్టాడు.

ఆరిన పొయ్యి పక్కన నబీ పెట్టి వెళ్లిన స్టీలు ఫ్లాస్కు ఉంది, మూత బిగించి, వేడి పోకుండా చుట్టూ ఉన్ని మఫ్లరు చుట్టి, నిండా చాయ్‌తో.