విప్పేవారి పేరు

పళ్ళాలు పడుకోబెట్టి సర్దాలి అన్నాడు మా ఆయన. సోఫాలో కూర్చుని, సామాను సర్దడం మీద ఫోనులో రెండు వీడియోలు చూసి, మూడోది చూస్తూ అన్నాడు. "ఒకదాని మీద ఒకటి పెడితే కదలవు. నువ్వేంటి, పుస్తకాల్లా నిలబెడుతున్నావ్?"

నేను ప్రయోగశాలలకు గాజుసామాను పంపే కంపెనీలో పనిచేస్తాను. పంతొమ్మిదేళ్ళుగా ప్యాకింగ్ సెక్షన్లో ఉన్నాను. అందులో ఆరేళ్ళుగా ఇన్‌చార్జిని. పళ్ళెం పడుకుంటే పైవాటి బరువంతా కిందిదాని మీద పడుతుంది. నిలబడితే ఎవరి బరువు వాళ్ళే మోసుకుంటారు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే ఈ మాట చెప్తాను. ఆయనకు చెప్పలేదు. తాతకు దగ్గులు నేర్పడానికి వచ్చినవాడితో వాదనకు దిగితే చివరికి తాతకే ఆయాసం. "ఊఁ" అన్నాను. ఆయన మళ్ళీ ఫోనులోకి చూడగానే నిలబెట్టే సర్దాను.

ఆయనకు ప్రమోషన్ మీద వేరే ఊరికి బదిలీ అయింది. రెండేళ్ళు. అక్కడ ఇల్లూ, అందులో మంచాలూ కుర్చీలూ వాళ్ళ కంపెనీయే ఇస్తుంది. ఇక్కడ అద్దెయిల్లు ఖాళీ చేసి, సామానంతా అద్దె గోదాములో ఒక గది తీసుకుని అందులో పెట్టాలి. మా అమ్మాయి హాస్టల్లో చదువుకుంటోంది. ఇక మిగిలింది నేను. నేను ఉద్యోగం మానేసి ఆయన వెంట వెళ్తానన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. వాళ్ళమ్మకు ఫోనులో చెప్తుంటే విన్నాను. "ఇది మానేస్తుందిలే అమ్మా. దానిదేముంది, అట్టపెట్టెలకు టేపులంటించే ఉద్యోగం." అప్పుడు నేను ఆయన చొక్కాకు గుండీ కుడుతున్నాను. కుట్టడం పూర్తిచేసి దారం కొరికాను. వారం తర్వాత నా రాజీనామా ఉత్తరం కూడా ఆయనే టైపు చేసి తెచ్చాడు. "తప్పుల్లేకుండా రాశాను. సంతకం పెట్టి శనివారంలోగా ఇచ్చెయ్" అన్నాడు. చదివాను. 'ప్యాకింగ్ హెల్పరుగా పనిచేస్తున్న నేను' అని మొదలైంది. హెల్పరుగా నేను చేసింది మొదటి రెండేళ్ళు. అంటే పదిహేడేళ్ళుగా నా ఉద్యోగం గురించి నేను చెప్పిందేదీ ఆయన చెవిలోకి వెళ్ళలేదు.

మూడురోజులు సెలవు పెట్టాను. ఫ్రిజ్ కడిగి, తుడిచి, ఒకరోజంతా ఆరబెట్టి, తలుపు పూర్తిగా మూసుకోకుండా మధ్యలో గుడ్డ మడిచి పెట్టాను. మూస్తే రెండేళ్ళకు లోపల బూజు పడుతుంది. మంచాలు విప్పి, ఏ మంచం బోల్టులు ఆ మంచం కాలికే సంచిలో కట్టాను. పుస్తకాలు చిన్నపెట్టెల్లో పెడుతుంటే ఆయన సాయానికి వచ్చాడు. "పెద్దపెట్టెలో పడేస్తే ఒక్కదాంతో అయిపోతుంది కదా" అని మామగారి న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఒక పెద్దపెట్టెలోకి ఎత్తి, దాన్ని లేపాడు. అడుగు ఊడింది. పుస్తకాలు నేలమీద పడ్డాయి. "నాసిరకం పెట్టెలు తెచ్చావ్" అన్నాడు. నడుం పట్టేసిందని వెళ్ళి పడుకున్నాడు. క్రితంసారి ఇల్లు మారినప్పుడు దుమ్ము పడదని వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళి నాలుగురోజులున్నాడు. మంచం మీద దుప్పటి పరిచాక వచ్చాడు. వస్తూనే టీ అడిగాడు. పైగా తర్వాత వచ్చిన చుట్టాలకు, కిటికీ పక్కన బల్ల వేయించింది తానేనని చెప్పుకున్నాడు.

మధ్యలో అత్తగారు ఫోను చేసింది. ఆవిడ చిన్నకొడుకు దగ్గర ఉంటుంది.

"అమ్మాయ్, వాడి వ్యాయామం సైకిలు మర్చిపోకు. జాగ్రత్తగా చుట్టు."

"దాని మీద బట్టలారేస్తున్నానండీ అత్తయ్యా. ఆరేళ్ళుగా."

"ఇప్పుడు తొక్కకపోతే రేపు తొక్కుతాడు. మగవాడి వస్తువు పారెయ్యకూడదు."

సైకిలు చుట్టాను. తర్వాత పెట్టెల మీద చీటీలు రాయడానికి కూర్చున్నాను. పెట్టె పక్కభాగం మీద లోపలేముందో రాసి, దాని కింద విప్పేవారి పేరు రాయడం మా సెక్షన్లో పద్ధతి. అవతల ఎవరు విప్పుతారో తెలియని పెట్టెను నేను లారీ ఎక్కించను. పేరుంటే బాధ్యత ఉంటుంది. లేకపోతే అది ఎవరిదీ కాని పెట్టె, ఎవరైనా దాని మీద కూర్చుంటారు. అలవాటు కొద్దీ ఇంటిపెట్టెలకూ అలాగే రాసుకుంటూ పోయాను. పన్నెండోదాని దగ్గర చెయ్యి ఆగింది. ఆయన కాలేజీరోజుల్లో గెలిచిన కప్పులు, విప్పేవారు నేను. మామగారి న్యాయశాస్త్రం పుస్తకాలు, నేను. అత్తగారి ఇత్తడి సామాను, నేను. పన్నెండింటి మీదా నా పేరే. ఇంకొకరి పేరు రాయొచ్చన్న ఊహ కూడా రాలేదు నాకు. అన్నిటి కిందా పడుకున్న పళ్ళేన్ని నేనేనని ఇన్నాళ్ళూ ఆయన మీద కోపం తెచ్చుకున్నానుగానీ, పెట్టెలో అలా సర్దింది నా చెయ్యి కూడా. ఆ రోజు నాకు ఆయన మీద ఎంత ఏవగింపు కలిగిందో, నా రాత మీదా అంతే కలిగింది.

పన్నెండు చీటీలూ పీకేసి కొత్తవి రాశాను. మొత్తం నలభై ఏడు. నా బట్టలు, నా పుస్తకాలు, రెండు గిన్నెలు, ఒక స్టవ్వు వేరే పెట్టుకున్నాను. మూడు పెట్టెలయ్యాయి. మా కంపెనీకి రెండు వీధులవతల ఒక నర్సు తన ఇంటి పైగది అద్దెకిస్తోంది. ఫోను చేసి, ఆటోలో వెళ్ళి ఆ మూడూ అక్కడ దింపి వచ్చాను. ఆయన నిద్రలేచి, "ఎక్కడికెళ్ళావ్, టేపుకా?" అన్నాడు. అవునన్నాను.

శనివారం గోదాములో నేనూ ఇద్దరు కూలీలూ సామాను దింపుకున్నాం. కింద చెక్కలు పరిచి, బరువువి గోడ వైపు పెట్టి, మధ్యలో మనిషి నడిచే దారి వదిలాను. అక్కడి ఆఫీసు చూసుకునే ఆవిడను అందరూ తాళాలావిడ అంటారు. వచ్చి లోపలికి తొంగిచూసింది.

"నడవడానికి చోటు కూడా వదిలారే. ఇక్కడ సగంమంది తలుపు తీస్తే సామాను మీద పడుతుంది. ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

పంతొమ్మిదేళ్ళ నా పని గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడ. చెప్పాను. నిలబడి పూర్తిగా వింది.

అంతా అయ్యాక ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. గది ముందు నిలబడి ఫోటో తీసుకుని, చుట్టాల గ్రూపులో పెట్టాడు. నా ఫోను మోగితే చూశాను. 'మొత్తం సర్దేశాను' అని రాశాడు. కింద వాళ్ళ చెల్లెలు, 'అన్నయ్యా, నడుం జాగ్రత్త' అంది.

"తాళం ఒకటే ఇస్తాం. ఎవరి పేరు రాయమంటారు?" అంది తాళాలావిడ.

"మా ఆవిడ పేరు రాయండి. రేపు విప్పేది ఆవిడే" అన్నాడు.

"ఆయన పేరు రాయండి" అన్నాను. "పెట్టెల మీదా అదే ఉంది."

ఆయన వంగి ఒక చీటీ చదివాడు. పక్కది చదివాడు. దారి వెంట చివరిదాకా వెళ్ళి వచ్చాడు.

"ఏంటిది? అన్నిటి మీదా నా పేరుంది. నువ్వెక్కడుంటావ్?"

"ఇక్కడే. ఉత్తరం ఇవ్వలేదు. సోమవారం డ్యూటీకి వెళ్తున్నాను. మా కంపెనీ దగ్గర గది తీసుకున్నాను."

తాళాలావిడ కాగితం ఆయన ముందుకు జరిపింది. ఆయన పెన్ను తీసుకోలేదు. ఎందుకు అని అడుగుతాడనుకున్నాను. ఎప్పటినుంచి అనుకుంటున్నావని అడిగినా సరిపోయేది. పరాయి మనిషి ముందు పరువు పోతోందని గొంతు తగ్గించి, నా వైపు వంగి అడిగాడు.

"మరి అక్కడ నాకు వంటెవరు చేస్తారు?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన నన్నడిగిన ప్రశ్నలన్నిట్లో, జవాబు నేను వెతకక్కర్లేనిది అదొక్కటే.