కొంగ బొమ్మకు అనుమతి

అక్కకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ పనైనా అడిగి చేయందే నిద్రపట్టదు. పురుగు కూడా లేని రోడ్డు మీద ఎర్రలైటు పడితే బొమ్మలా నిలబడిపోయే మనిషి. అలాంటిది లాయరు దగ్గర జూనియరుగా చేరాక ఇక చెప్పేదేముంది!

తమ్ముడు బస్సులు నడిపే వీడియో గేములో ఒక బస్సు తయారుచేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని నెట్‌లో పెట్టాడు. నీలం బస్సు, పక్కన ఎగిరే ఎర్ర కొంగ. ఆ కొంగ నాన్న ఏళ్ల తరబడి డ్రైవరుగా పనిచేసిన కంపెనీ గుర్తు. కాలు పడిపోయిందని కంపెనీ ఆయన్ని బండి దింపేసింది. ఆనాటి నుంచి ఆయన గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు మాత్రం సాయంత్రమయ్యేసరికి, టేబులుకు బిగించిన స్టీరింగు పట్టుకుని, గేములో ఆ బస్సుకు అడ్డమొచ్చిన లారీలను నోరారా తిడుతున్నాడు. ఆ తిట్లు వింటుంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తోంది.

అక్కకు మాత్రం కొంగ మీదే కళ్లు.

"వాళ్ల లోగో అడక్కుండా ఎలా పెట్టావురా?"

"నేనేమైనా అమ్ముకుంటున్నానా అక్కా? ఫ్రీగానేగా!"

"ఫ్రీ అయినా ట్రేడ్‌మార్క్ వాళ్లదే. ఒక్క మెయిలు పెడితే పోలా? నాన్న సంగతి తెలిస్తే వాళ్లే సంతోషంగా ఇస్తారు."

తమ్ముడు వద్దంటూనే ఉన్నాడు. అక్క నాన్న ఫొటో కూడా జతచేసి, ఎంతో ముచ్చటగా రాసి పంపింది.

జవాబు వచ్చింది. మొదటి వాక్యంలో నాన్న సేవలకు కృతజ్ఞతలు. రెండో వాక్యంలో, ఆ గుర్తున్న ప్రతి కాపీనీ వెంటనే తీసేయాలి, లేదంటే కోర్టు. అక్క పరుగున వెళ్లి సీనియరుకు చూపించింది.

"చట్టం వాళ్ల వైపే ఉందమ్మా. కానీ చాలామంది ఇలాంటివి చూసీచూడనట్టు వదిలేస్తారు," అన్నాడాయన. "నువ్వు రాతపూర్వకంగా అడిగావు. అడిగాక కూడా ఊరుకుంటే, రేపు ఇంకొకడు ఇదే చూపించి నాకూ ఇవ్వమంటాడు. అందుకే కాదన్నారు."

ఆ సాయంత్రం తమ్ముడు నెట్‌లోంచి బస్సు తీసేశాడు. "ఇంట్లో ఉన్న కాపీ ఎవడు చూడొచ్చాడు? ఇది ఉంచేద్దాం," అన్నాడు గొంతు తగ్గించి. అక్క మొదటిసారి కాదనలేదు. ఆ ఒక్క తప్పు తన నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడింది.

కానీ నాన్న వినేశాడు.

"కంపెనీ వద్దందా?"

ఇద్దరి మొహాలూ చూడగానే ఆయనకు అర్థమైపోయింది. బస్సును రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, స్టీరింగు మర విప్పడం మొదలుపెట్టాడు.

"ఉంచండి నాన్నా, ఎవరికీ తెలీదు," అంది అక్క. తన నోట ఆ మాట వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

"దిగమన్నాక దిగాలి. మరి ఈ బొమ్మ బండి సంగతి వాళ్లకెలా తెలిసింది?"

"నేనే రాశాను నాన్నా. అనుమతి ఇస్తారనుకున్నాను."

ఆయన విప్పిన స్టీరింగును ఒళ్లో పెట్టుకుని కూతురి వైపు తిరిగాడు.

"అయితే ఈసారి దింపింది నువ్వన్నమాట," అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే అక్క కాళ్ల మీద పడి ఏడ్చి ఉండేది. తమ్ముడు వంగి కంప్యూటరు ఆపేశాడు.