రేకుల వంటిల్లు

"గ్యాస్ అయిపోయినట్టుంది కేథీ," అన్నాడు ఆనంద్ బాబు మంచం మీద పడుకునే, రిమోటును ఏసీ మీదికి తుపాకీలా ఎక్కుపెట్టి.

కేథరిన్ వంటింట్లోంచి విన్నది. ఆయన అన్నది పొయ్యి గ్యాసు గురించి కాదని ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. పొయ్యి గ్యాసు అయిపోయిన సంగతి ఈ ఇంట్లో ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

ప్రతి ఎండాకాలం ఇదే మాట. గది చల్లబడడం తగ్గుతుంది, ఆయన గ్యాస్ అయిపోయిందంటాడు, మెకానిక్ శ్యాంసన్ వచ్చి నింపిపోతాడు, మళ్ళీ ఏడాది తిరిగేసరికి అదే తంతు. ఏసీలో గ్యాసు పొయ్యిలోలాగా కాలిపోయేది కాదనీ, ఒంట్లో నెత్తురులాగా గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుందనీ, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టేననీ ఆమె కిందటేడే చెప్పింది. మార్కాపురం డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చదివిన మనిషి. ఆయన హైస్కూల్లో సోషల్ చెబుతాడు. "అవన్నీ నీకెందుకులే, మెకానిక్కులు లేరా చూసుకునేదానికి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏదీ కోపంగా అనడు. అదే ఇబ్బంది. కోపంగా అంటే తనూ కోపంగా తిరగబడొచ్చు. నవ్వుతూ అన్న మాటకు ఏం తిరగబడతాం?

గిద్దలూరులో వాళ్ళ ఇల్లు ముందు రెండు గదులూ స్లాబు, వెనక వంటిల్లు సిమెంటు రేకులు. కట్టేటప్పుడు "వంటింటిదేముంది, నిదానంగా వేసుకుందాం స్లాబు" అన్నారు. కూతురు దీవెన ఐదో తరగతికి వచ్చింది గానీ ఆ నిదానం ఇంకా రాలేదు. మే నెలలో పొద్దెక్కేసరికి రేకులు పెనంలా కాగుతాయి. పైన ఆ పెనం, కింద పొయ్యి, మధ్యలో తను. ఫ్యాను వేస్తే మంట ఆరుతుంది, కిటికీ తెరిస్తే నల్లమల వైపు నుంచి వడగాలి ముఖాన కొడుతుంది. మెడ చుట్టూ, నడుము దగ్గర కుచ్చిళ్ళు దోపుకునే చోట చెమటకాయలు. పౌడరు చల్లుకుంటే చెమటకు ముద్దకట్టి ఇంకా మండుతుంది. అన్నం వార్చి చల్లటి గదిలోకి కంచాలు తీసుకుపోతే, చల్లదనం ఒంటికి తగిలీ తగలకముందే ఉప్పు మర్చిపోయావనో నీళ్ళు తెమ్మనో మళ్ళీ వెనక్కి. వేడిలోకీ చల్లదనంలోకీ తిరిగి తిరిగి తలనొప్పి పట్టుకుంటే, "ఆ చల్లగాలి నీకు పడదమ్మాయ్, వంటింట్లోనే నయం నీకు," అని తీర్పు చెప్పింది అత్త జ్ఞానమ్మ.

ఈ ఏడు రేకుల కింద సీలింగు కొట్టించి, వేడిని బయటికి లాగే ఫ్యాను గోడకు పెట్టిస్తానని ఆనంద్ బాబు మాటిచ్చాడు. క్రిస్మస్ సెలవుల్లో, స్వెట్టరు వేసుకుని ఇచ్చిన మాట. "బడికి ఎండాకాలం సెలవులు రానీ, దగ్గరుండి చేయిస్తా." సెలవులు వచ్చాయి. ఆయనకు వచ్చాయి. అందుకే ఇప్పుడు గ్యాస్ అయిపోయిందన్న మాట వినగానే కేథరిన్ మనసు సీలింగు మీదికి పోయింది. చిన్న రిపేరుతో పోతే సరే. కొత్త ఏసీ కొనాలంటే మాత్రం ఈ ఏటికి సీలింగు ఊసు ఉండదు. రెండూ ఒకేసారి చేయించే ఇల్లు కాదిది.

నిజానికి ఆ ఏసీ ఇన్నేళ్ళు నడవడమే ఆమె చలవ. పక్షానికోసారి ఏసీలో గాలి వడకట్టే జల్లెడలు ఊడదీసి, పాత టూత్‌బ్రష్షుతో దుమ్ము దులిపి, నీడన ఆరబెట్టి మళ్ళీ బిగిస్తుంది. నీళ్ళు పోయే సన్నగొట్టంలో పాకుడు పట్టకుండా కడుగుతుంది. మిద్దె మీద ఎండకు మాడే ఏసీ బయటి పెట్టెకు తాటాకులతో నీడ కట్టింది, గాలి ఆడే వైపు వదిలేసి. బోరు నీళ్ళతో తుడిస్తే ఉప్పు పేరుకుంటుందని తాగే నీళ్ళ డబ్బాలోంచి చెంబెడు తీసి తుడిస్తే, "తాగే నీళ్ళతో మిషన్లకు స్నానాలా?" అని జ్ఞానమ్మ వాడంతా చెప్పుకుని నవ్వింది. మరిది ఇంట్లో అదే ఏడు కొన్న ఏసీ ఎప్పుడో మూలపడింది. కిందటేడు వాళ్ళింట్లో గృహప్రార్థన పెట్టుకున్నప్పుడు ఆనంద్ బాబు సాక్ష్యం చెప్పడానికి లేచి, "మా ఏసీ ఇన్నేండ్లలో ఒక్కపూట ఆగలేదు. వస్తువును ఎట్ల వాడుకోవాల్నో ఆ జ్ఞానం దేవుడు నాకు ఇచ్చినాడు," అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. వెనక వరసలో టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ కేథరిన్ కూడా అలవాటు కొద్దీ ఆమెన్ అంది. ఆ తర్వాత చాలాసేపు తన నోటి మీద తనకే మంట పుట్టింది.

మర్నాడు శ్యాంసన్ వచ్చేసరికి ఆనంద్ బాబు ఏదో పనిమీద బేస్తవారిపేట వెళ్ళాడు.

"వందనాలు సిస్టర్. సార్ లేడా?" గుమ్మంలోనే ఆగిపోయాడు శ్యాంసన్, ఇంట్లో ఎవరూ లేనట్టు.

"నేనున్నాను గదన్నా. రండి, చూపిస్తా."

మిద్దె మీదికి తీసుకెళ్ళింది. స్టూలెక్కి అతను పెట్టె మూత విప్పుతుంటే కింద ఆమె స్టూలు పట్టుకుంది.

"అన్నా, ఆ రాగి గొట్టం బిగించిన నట్టు చూడండి. దాని చుట్టూతా జిడ్డుగా ఉంది, దుమ్మంతా అక్కడే అంటుకుంటాంది. గ్యాసుతో పాటు లోపలి నూనె గూడా బయటికి వస్తాది గదా. లీకు అక్కడేనేమో."

"అవి అట్లనే ఉంటాయిలే సిస్టర్. మీరు స్టూలు గట్టిగా పట్టుకోండి."

అక్కడా ఇక్కడా కెలికాడు. చివరికి తల గోక్కుని, "కొంచెం సబ్బునీళ్ళు తెస్తారా?" అన్నాడు. తెచ్చింది. నురగ తీసి అన్ని అతుకులకూ పూసుకుంటూ వచ్చాడు. ఆమె చెప్పిన నట్టు దగ్గర చిన్న బుడగ ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బింది. కేథరిన్ నోరు తెరిచేలోగా అతను ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"సార్, వందనాలు. దొరికింది సార్. నట్టు కాడ లీకు. నేను చూడంగనే అనుకున్నా... ఆఁ, గొట్టం కొస మళ్ళీ చేసి, నట్టు మార్చి గ్యాసు కొడితే ఇంకో మూడు నాలుగేండ్లు ఢోకా లేదు సార్... కొత్తదా? కొత్తదంటే ఇంక కొత్తదే గదా సార్. మీ ఇష్టం."

మూడడుగుల దూరంలో స్టూలు పట్టుకుని నిలబడ్డ మనిషిని దాటి, ఆ మాటలు బేస్తవారిపేట దాకా పోతున్నాయి. ఫోను పెట్టేశాక ఆమె అడిగింది, "ఏమంటారన్నా ఆయన?"

"సార్‌తో మాట్లాడినా గదా సిస్టర్. సార్ చెప్తాడు మీకు."

"నాకూ మీరే చెప్పొచ్చు గదా."

"ఏముంది సిస్టర్," అన్నాడు స్పానరు సంచిలో వేసుకుంటూ, "అంతా టెక్నికల్."

సాయంత్రం ఆనంద్ బాబు కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు. "శ్యాంసన్ గట్టోడు. ఇన్నేండ్ల నుంచి ఎక్కడ పోతాందో ఎవురికీ తెలియలే. చూడంగనే పట్టినాడు."

"ఆ నట్టు నేను చూపిస్తేనే—"

"ఆఁ, నువ్వు సబ్బునీళ్ళు తెచ్చిచ్చినావంట గదా. చెప్పినాడులే."

కేథరిన్ తువ్వాలు అందించింది.  నట్టు ఎవరు చూపించారన్నది కాదు, సీలింగే ఆమెకు అసలు సంగతి.

"అయితే రిపేరు చేయిద్దాం. మూడు నాలుగేండ్లు వస్తాదన్నాడు గదా."

"పాతదానికి అతుకులేసుకుంటా కూర్చుంటామా? మా స్కూల్లో రాధాకుమారి మేడం వాళ్ళు ఇన్వర్టరు ఏసీ తెచ్చినారు. సద్దే లేదు దానికి, దుప్పటి కప్పుకోవాల్సిందే. ఎక్స్‌చేంజ్‌లో పాతది పడేసి మార్చేద్దాం."

"మరి వంటింటి సీలింగు?"

ఆయన ముఖం తుడుచుకోవడం ఆపి ఆమె వైపు చూశాడు. చిరాకేమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దానికేం తొందర కేథీ? వచ్చే ఏడు చూద్దాం. వంటిల్లేమన్నా ఆగిపోయిందా? వంట అవుతానే ఉంది గదా."

చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న జ్ఞానమ్మ అందుకుంది. "మేం పొగ గొట్టంలేని పొయ్యిల కాడ వండలే? వండి, ఆ ఎండలోనే మిరపకాయ కోతకు పోలే? మీ కాలపోళ్ళకు కాస్త చెమట పడితే చాలు, ఇల్లు పగలగొట్టాలంటారు."

"మీకప్పుడు చెమటకాయలు లేవలేదా అత్తమ్మా?"

"లేస్తే ఎవురు చూసినారు?" అంది జ్ఞానమ్మ. ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గబగబా గింజలు తీసింది.

బియ్యం కడుగుతూ కేథరిన్ ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించింది. వంటిల్లేమన్నా ఆగిపోయిందా. ఇంతకాలం ఈ ఇంటి లెక్క తనకు అర్థం కాలేదు గానీ, ఎంత తేలికైన లెక్క! బోరు మోటారు ఆగితే ఆ పూటే మనిషి వచ్చాడు. బండి స్టార్టు కాకపోతే బడికి సెలవు పెట్టి మరీ షెడ్డుకు తోసుకెళ్ళాడు. టీవీలో బొమ్మ పోతే దీవెన ఏడ్చేలోగా కొత్తది వచ్చింది. అత్తకు మోకాలు పట్టేసి మంచం దిగలేకపోతే ఒంగోలు తీసుకెళ్ళారు. ఆగినవాటికే ఇక్కడ రిపేరు, లేకపోతే మార్పు. నడిచేదాన్ని ఎవరూ తలెత్తి చూడరు. తనకు జ్వరం వచ్చిన రోజు కూడా అన్నం ఉడికింది. చిన్నాన్న కూతురి పెళ్ళికి పోయిన రోజు ముందే వండి, మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో చెప్పి పోయింది. కళ్ళు తిరిగి గట్టు పట్టుకుని నిలబడ్డ రోజున ఒక్క గ్లాసు మజ్జిగ తాగి చేపల కూర దించింది. ఆ ఇరుకు రేకుల కింద ఎన్నడూ దేన్నీ ఆగనివ్వలేదు. ఇంత జాగ్రత్తగా నడిపి తను సంపాదించుకున్నది, ఏమీ పాడవలేదన్న పేరు.

కొత్త ఏసీ వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, కళ్యాణమండపంలో పెళ్ళికొడుకులా గోడెక్కి కూర్చుంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించారు. వచ్చిన వాళ్ళందరూ ఆ ఒక్క గదిలో సర్దుకున్నారు. "ఈ గృహములోని వారందరికీ ఎండ దెబ్బ తగలకుండా కాపాడు తండ్రీ," అంటున్నారు పాస్టరుగారు తలుపు అవతల. తలుపు ఇవతల కేథరిన్ అంతమందికీ టీ కాస్తోంది. ముక్కు మీద నుంచి చెమట చుక్క రాలి పాలల్లో పడబోతే కొంగుతో అడ్డుపెట్టింది. గది లోపల అందరూ ఆమెన్ అన్నారు. ఈసారి ఆమె అనలేదు.

సోమవారం పొద్దున టిఫిన్లయ్యాక వంటింట్లోకి వెళ్ళి సిలిండరు రెగ్యులేటరు కట్టేసింది. అటక మీంచి కరెంటు పొయ్యి దించి, దుమ్ము తుడిచి, పడకగదిలోకి తెచ్చింది. టీపాయి మీది న్యూస్‌పేపర్లన్నీ తీసి అలమర మీద పెట్టి, ఆ టీపాయి గోడవారకు జరిపి దానిమీద పెట్టింది. ఏసీకి వేరే లైనుంది, ఈ ప్లగ్గు దానిది కాదు, ఆ సంగతి ముందే చూసుకుంది. పోపుల డబ్బా, కత్తిపీట, నానేసిన కందిపప్పు, నీళ్ళ బిందె, ఒక్కొక్కటీ తెచ్చుకుంది. ఆనంద్ బాబు దుప్పటి మెడదాకా లాక్కుని రెండో నిద్రలో ఉన్నాడు. మంచం చివర దీవెన ఫోనులోంచి తలెత్తి చూసి, ఇదేదో బాగుందన్నట్టు పక్కకు జరిగింది.

కేథరిన్ తలుపేసుకుని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వీపు గోడకు ఆనింది. గోడ చల్లగా ఉంది. పప్పు పొయ్యి మీద పెట్టి ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి మెడ మీద చెమట ఆరుతూ ఒళ్ళు సన్నగా జలదరించింది. ఉల్లిపాయ తరుగుతూ ఇలా కూర్చోవచ్చని, తొందరపడకుండా తరగవచ్చని, ముక్కలు ఇంత సన్నగా వస్తాయని ఆమెకు తెలియనే తెలియదు.

ఇంతలో తలుపు తోసుకుని జ్ఞానమ్మ వచ్చింది. "అయ్యో అయ్యో, ఏందమ్మాయ్ ఇది? పడకగదిలో పొయ్యి ఏంది? ఎండుచేపలు గూడా ఈడనేనా?"

"ఈ పూట పప్పే అత్తమ్మా. ఎండుచేపలు రేపు."

జ్ఞానమ్మ కొడుకు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. ఏసీ వైపు కూడా చూసింది. తర్వాత నడుం పట్టుకుని మెల్లగా వచ్చి కత్తిపీటకు ఎదురుగా చతికిలబడింది. "వెల్లుల్లి ఇట్ల తే," అంది.

పప్పు ఉడికింది. మూకుట్లో నూనె కాగుతోంది. ఆవాలు చిటపటలాడి, ఒకటి ఎగిరి దుప్పటి మీద పడింది. ఆనంద్ బాబు కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చున్నాడు. పొయ్యినీ, బిందెనూ, ఉల్లిపొట్టునూ, తల్లినీ వరసగా చూశాడు.

"ఏంది కేథీ ఇది? అక్కడ చేయక ఇక్కడ పెట్టినావేంది?"

"వంటిల్లు ఆగిపోయిందండీ," అని, కాగిన నూనెలోకి ఎండుమిరపకాయలు తుంచి వేసింది కేథరిన్.