బాగానే దిగింది

మా అమ్మాయి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. మ్యాచ్ ఉన్న రోజు, దెబ్బలు తగిలినవాళ్ళలో ఎవరు ఆడతారో ఎవరు ఆడరో జట్టువాళ్ళు ముందే ప్రకటిస్తారు. మొదటిసారి తన పేరు పక్కన ‘క్వశ్చనబుల్’ అని చూసి, ఇదేం తప్పు చేసి దొరికిపోయిందోనని నాకు చెమటలు పట్టాయి. కాలేజీలో చదివిన ఇంగ్లీషు అంతవరకే పనికొచ్చింది.

అమ్మాయి కడుపుబ్బా నవ్వి, భోజనానికి పిలిచిన చుట్టాలతో పోల్చి చెప్పింది. ‘ప్రాబబుల్’ అంటే బయల్దేరామని ఫోన్ చేసినవాళ్ళు. ‘క్వశ్చనబుల్’ అంటే చూద్దాంలే అన్నవాళ్ళు, సగం సగం. ‘డౌట్‌ఫుల్’ అంటే తప్పకుండా ప్రయత్నిస్తాం అన్నవాళ్ళు, వాళ్ళకోసం వండక్కర్లేదు. ‘ఔట్’ అంటే రామని తేల్చేసినవాళ్ళు.

ఈ సంగతి జరిగిన రోజు మధ్యాహ్నం సెమీఫైనల్. కొన్నాళ్ళుగా మోకాలు సలుపుతోంది కాబట్టి తను క్వశ్చనబుల్. ఏడాదంతా బెంచీ మీద కూర్చున్నాక, రోజూ ఆడే అమ్మాయి జ్వరంతో పడుకోబట్టి మా అమ్మాయికి దొరికిన చోటు అది. ఫైనల్‌కి ఆ అమ్మాయి లేచి వచ్చేస్తుంది. ఆడితే ఈ ఒక్క మ్యాచే ఆడాలి.

పొద్దున మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయింది. మోకాలు పట్టేసింది. కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, కాలు మెల్లగా అటూ ఇటూ ఆడించి విడిపించుకుంది. కింద పాల పాకెట్లతో నిలబడి నేను చూశాను. నేను చూశానని తనూ చూసింది.

“మామకి చెప్పకు నాన్నా. మాటివ్వు.”

ఇచ్చాను.

మామ అంటే జట్టు ఫిజియో. మోకాళ్ళకీ చీలమండలకీ పట్టీలు చుట్టీ చుట్టీ పిల్లలందరికీ పట్టీల మామ అయ్యాడు. ఆడేవాళ్ళు ఎలాగూ నిజం చెప్పరని ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేస్తుంటాడు. అమ్మాయి స్నానానికి వెళ్ళగానే చేశాడు. నిద్రపట్టిందా అని అడిగితే పట్టిందన్నాను. వాపుందా అంటే లేదన్నాను. రెండూ నిజాలే.

“మెట్లెలా దిగింది అన్నయ్యా?”

“బాగానే దిగింది.”

ఆయన వెనకాల ఎవరో బంతి కొడుతున్న చప్పుడు వినబడింది.

“బాగా దిగిందా, బాగానే దిగిందా?”

ఒక్క అక్షరం మింగేస్తే చాలు, కూతురికి మ్యాచ్ దక్కుతుంది. మింగలేకపోయాను. జరిగింది చెబుదామంటే మాటిచ్చాను.

“సరేలెండి, మీరేం చెప్పలేదు,” అన్నాడు. “ఓసారి స్కాన్‌కి తీసుకెళ్తాను.”

మాట తప్పినవాణ్ణి కాకుండా ఆయన నన్ను కాపాడాడు. అది ఆయన మంచితనం. కానీ అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చి ఫోనెవరని అడిగితే, దాని మొహంలోకి చూడలేక పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయాను. పాలింకా స్టవ్ మీద పెట్టనేలేదు.

స్కాన్‌లో చిన్న చీలిక కనబడింది. ఆడితే పెరుగుతుందా అంటే పెరగొచ్చు, పెరక్కపోవచ్చు అన్నాడట డాక్టరు. అలా తేల్చకుండా వదిలేసినందుకు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో. పెద్దదైతే నేను చేసింది మేలయ్యేది, ఏమీ లేకపోతే ద్రోహమయ్యేది. ఎటూ కాకుండా మిగిలాను.

అమ్మాయి ఔట్. బెంచీ మీద మామూలు బట్టల్లో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. జట్టు గెలిచింది. నేనున్న వైపు ఒక్కసారీ తిరగలేదు.

సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం.

“మామతో ఏమన్నావు?”

“బాగానే దిగింది అన్నాను.”

అది కళ్ళు మూసుకుంది. “అమ్మయితే లేడిపిల్లలా గెంతుతోంది అనేది. ఆయన నమ్మేసేవాడు.”

నిజమే. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ అబద్ధమాడితే మొహమాటం లేకుండా నిండుగా ఆడేది. నాకంత చేతకాదన్నాను.

“తెలుసు. అందుకే మాట తీసుకున్నా.”

క్షమించమని అడగబోయాను. వద్దన్నట్టు చెయ్యెత్తింది.

“కొన్నాళ్ళు నీతో మాట్లాడను నాన్నా. ముందే చెప్తున్నా.”

సరేనన్నాను. చెప్పకుండా మానేయొచ్చు కదా, చెప్పి మానేస్తోంది. అంతకంటే ఏం అడగను.